మీ ప్రశ్న – మా జవాబు: ‘యాడికి’ అన్నందుకు నవ్వారు

ప్రశ్న:

అమ్మగారికి నమస్కారాలు. మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా మేనమామ, విశాఖలో బీకాం చదివితే బ్యాంకు పరీక్షలకు శిక్షణ కూడా దొరుకుతుందని చెప్పిన మాట మీద మా వాళ్లు నన్ను ఇక్కడి ఒక కళాశాలలో చేర్చారు. నేను వచ్చిన నెల రోజులకే ఆయన పదవీ విరమణ చేసి, హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఎంవీపీ కాలనీలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉంటున్నాను. ఇప్పుడు మొదటి సెమిస్టర్ చివరికి వచ్చింది.

నన్ను దిగబెట్టడానికి నాయన ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నాతోపాటు వచ్చాడు. ఫీజు కట్టి, హాస్టల్లో పెట్టె దించిన తర్వాత ‘సముద్రం చూసి పోదాం పా’ అన్నాడు. అంతకుముందు మేమిద్దరమూ సముద్రం చూసినవాళ్లం కాదు. ఆర్కే బీచ్‌లో జలాంతర్గామిని నిలబెట్టిన చోటికి కొంచెం పక్కగా, నాయన ప్యాంటు మడిచి, అల వచ్చేదాకా ఆగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ‘ఇన్ని నీళ్లుండాయి, ఒక్క మడి గూడా పారదే’ అన్నాడు. ఆయన చెనక్కాయ సేద్యం చేసే మనిషి. ఆ రాత్రి రైలుకే ఊరికి వెళ్లిపోయాడు.

తరగతులు మొదలైన వారంలోనే, మెట్లు దిగుతున్న ఇద్దరు అమ్మాయిలను పలకరించబోయి ‘యాడికి పోతాండారు?’ అని అడిగాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మరునాటికి ఆ మాట తరగతి అంతా పాకింది. నేను గదిలోకి అడుగుపెడితే వెనక బల్లల నుంచి ‘యాడికి, యాడికి’ అని వినిపించేది. కొన్ని రోజుల్లో అదే నా పేరయింది. హాజరు పిలిచేటప్పుడు తప్ప నా అసలు పేరు ఎవరూ పలకడం లేదు. ఇక నేను తరగతిలో నోరు తెరవడం మానేశాను. రాత్రిపూట దుప్పటి కప్పుకుని ‘ఎక్కడికి వెళ్తున్నారు, ఏం చేస్తున్నారు’ అని గొంతులోనే అనుకుంటూ అలవాటు చేసుకున్నాను.

పాఠాలన్నీ ఇంగ్లిషులోనే జరుగుతాయి. అకౌంటెన్సీ అంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం, ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి. ఇక్కడ ఇంటర్నల్ పరీక్షలో 25కు 8 వచ్చాయి. ‘డిమినిషింగ్ బ్యాలెన్స్ మెథడ్’ అని ఇచ్చిన లెక్క ఏమిటో అర్థం కాక ఖాళీగా వదిలేశాను. హాస్టల్‌కు వచ్చి చూసుకుంటే అది నేను ఇంటర్‌లో పదిసార్లు చేసిన తగ్గుతున్న నిల్వల పద్ధతి. ఆ రాత్రి భోజనం చేయలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. నాయన ఫోన్ చేసిన ప్రతిసారీ ‘బాగుంది’ అనే చెబుతున్నాను.

దసరా తర్వాత ఒకరోజు అమ్మకు ఫోన్ చేసి, ‘ఏం చేస్తున్నారమ్మా, నాన్న ఎక్కడికి వెళ్లారు?’ అన్నాను. అమ్మ కాసేపు ఆగి ‘ఎవరు మాట్లాడేది?’ అని అడిగింది. ఆ తర్వాత నవ్వేసింది గాని, నాకు మాత్రం ఆ ప్రశ్న ఈ రోజు వరకు చెవిలో మోగుతూనే ఉంది. ఇక్కడ నా మాట వింటే నవ్వుతున్నారు, అక్కడ నా మాట నాదని గుర్తుపట్టడం లేదు.

నాతో మాట్లాడే మనిషి ఈ ఊళ్లో ఒక్కరే ఉన్నారు. మా వీధి చివర తోపుడు బండి మీద పొద్దున ఇడ్లీ, సాయంత్రం పుణుగులు వేసే ఆవిడ. జ్వరం వచ్చి రెండు రోజులు బయటికి రాకపోతే మూడో రోజు ‘ఏటే గుంటా, కనబళ్లేదు? ఒంట్లో బాగులేదేటి?’ అని అడిగింది. ‘గుంట’ అంటే ఈ ప్రాంతంలో ఆడపిల్ల అని అప్పుడు తెలియక తిట్టిందేమోనని బెదిరిపోయాను. ఆవిడది పలాస పక్క ఊరట. నేను పిన్నమ్మా అని పిలుస్తాను. మొన్న మార్గశిర గురువారం నాడు నన్ను బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్లింది. అక్కడ అమ్మవారికి పైకప్పు లేదు, ఎవరి పసుపు కుంకుమలు వాళ్లే స్వయంగా సమర్పించుకోవచ్చు. వరసలో నిలబడినంతసేపూ ఆవిడ నన్ను మా ఊరి సంగతులు అడుగుతూనే ఉంది. మూడు గంటలు మా భాషలోనే మాట్లాడాను. ఆవిడ ఒక్కసారి కూడా నవ్వలేదు.

అమ్మగారూ, టీసీ తీసుకుని అనంతపురంలో ఏదైనా కళాశాలలో చేరిపోదామని ఉంది. అది పిరికితనం అవుతుందా? మార్కుల సంగతి నాయనకు చెప్పాలా, లేక తర్వాత పరీక్షలో తెచ్చుకుని ఆ మాటే ఎత్తకుండా ఉండాలా? దయచేసి నా పేరు ప్రచురించవద్దు.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు:

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అడిగినవి టీసీ గురించి, మార్కుల గురించి. నన్ను ఆపేసినది మాత్రం మీ అమ్మ అడిగిన ‘ఎవరు మాట్లాడేది?’ అన్న ప్రశ్న. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. నిన్ను వేళాకోళం చేసినవాళ్లు చేసింది తప్పు. అయితే వాళ్ల నవ్వుకు భయపడి నువ్వు తరగతిలోనే కాకుండా ఇంట్లో కూడా నీ మాటను దాచేశావు. వాళ్లు నీ నుంచి ఒక గదిని లాక్కుంటే, మిగిలిన గదులకు నువ్వే తాళం వేశావు. నా మొదటి సలహా ఇది: ఈ రోజు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే పూర్తిగా మీ ఊరి మాటలోనే మాట్లాడు. హాస్టల్ గదిలో ఎవరున్నా సరే, గొంతు తగ్గించకుండా మాట్లాడు. ‘ఎక్కడికి వెళ్తున్నారు’ అన్న వాక్యం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, ఉద్యోగంలో అది పనికొస్తుంది కూడా. కాని అది నీకు రెండో చొక్కాలాంటిది కావాలే తప్ప, మొదటిదాన్ని పారేయాల్సిన అవసరం లేదు.

ఇక ఆ మాట గురించి. యాడికి అనేది మీ జిల్లాలోనే ఒక ఊరి పేరని, మండల కేంద్రమని నవ్విన పిల్లలకు తెలిసి ఉండదు. అంతకన్నా ముఖ్యంగా వాళ్లకు గుర్తులేని సంగతి ఇంకొకటి ఉంది. విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు హైదరాబాదుకో, విజయవాడకో చదువుకు వెళ్లి ‘ఏటి’ అన్నా, ‘బేగి రా’ అన్నా అక్కడ అచ్చంగా ఇలాగే నవ్వుతారు. మన సినిమాల్లో ఈ ప్రాంతపు మాటను నవ్వించడానికి, మీ ప్రాంతపు మాటను కత్తులు పట్టినవాళ్ల నోట పలికించడానికి వాడుకోవడం ఎంతో కాలంగా చూస్తున్నాం. మీ ఇద్దరికీ జరిగిన అన్యాయం ఒకటే. ప్రజలు మాట్లాడే తెలుగు బడికీ పుస్తకానికీ తగినదేనని జీవితమంతా వాదించిన గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టింది ఇక్కడికి దూరం కాని శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే కళాశాలల్లో, మరో జిల్లా తెలుగు విని పిల్లలు నవ్వడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఒక అధ్యాపకురాలిగా ఇందులో నా తరం వాళ్ల లోపం కూడా ఉందని ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తరగతి గదిలో మేమే అలాంటి నవ్వులను చాలాసార్లు విననట్టు ఊరుకున్నాం.

నీకు తెలిసి ఉండవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ర్యాగింగ్‌ను అరికట్టడానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలకు 2016లో ఒక సవరణ చేసింది. దాని ప్రకారం ఒక విద్యార్థిని ప్రాంతాన్ని బట్టి, భాషను బట్టి, పుట్టిన చోటును బట్టి వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగ్ కిందికే వస్తుంది. వెంటనే ఫిర్యాదు చేయమని చెప్పడం లేదు. ముందు ఆ పేరుతో పిలిచినవాళ్లలో కొంచెం మెత్తగా కనిపించే ఒక్కరిని ఎంచుకుని, విడిగా, ‘నన్ను నా పేరుతో పిలువు’ అని సూటిగా చెప్పు. అలాంటివాళ్లలో సగం మంది ఎదుటి మనిషికి నొప్పి కలుగుతోందని తెలియక చేసేవాళ్లేనని నా అనుభవం. ఆ తర్వాత కూడా మానకపోతే మీ కళాశాలలోని ర్యాగింగ్ నిరోధక సంఘానికి రాతపూర్వకంగా చెప్పు. అక్కడ చెప్పడానికి సంకోచంగా ఉంటే 1800-180-5522 అనే ఉచిత నంబరు రోజంతా పనిచేస్తుంది.

నువ్వు ఈ ఊరికి పరాయిదానినని అనుకుంటున్నట్టు నీ ఉత్తరంలో అడుగడుగునా కనిపిస్తోంది. ఈ ఊరు ఎలా పెరిగిందో చూడు. 1933లో ఓడరేవు తెరుచుకుంది, 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్క పనికీ ఒక్కొక్క దిక్కు నుంచి జనం వచ్చి చేరారు, అలా వచ్చినవాళ్లలో మీ మేనమామ ఒకరు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా కదిలినప్పుడు ఆ నినాదం ఒక్క విశాఖ జిల్లాది కాదు. నీకు పుణుగులు వేసిపెట్టే ఆవిడ కూడా పలాస నుంచి వచ్చి వీధి చివర బండి పెట్టుకున్న మనిషే. ఆవిడ నీ మాట విని నవ్వకపోవడానికి, రెండు రోజులు కనబడకపోతే లెక్క పెట్టుకోవడానికి కారణం అందులోనే ఉందని నాకు అనిపిస్తుంది.

ఒక సంగతి చెబుతాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద పడిన రోజు. అప్పట్లో నేను ఒక బాలికల హాస్టల్ బాధ్యత కూడా చూసేదాన్ని. కిటికీల అద్దాలు పగిలి గదుల్లోకి వాన వచ్చింది. ప్రాంగణంలో ఉన్న పెద్ద చెట్లన్నీ పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటారు నడవదు కాబట్టి పైట్యాంకులో ఉన్న నీళ్లే నీళ్లు. ఉన్న పిల్లలు అరవై మందికి పైనే. మొదటి రోజు సాయంత్రానికే ట్యాంకులో సగం ఖాళీ అయింది. అప్పుడు కడప ప్రాంతం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, మూడు నెలలుగా ఎవరితోనూ పెద్దగా మాట్లాడని పిల్ల, కొళాయి దగ్గరికి వెళ్లి నిలబడి, ‘మనిషికి రెండు చెంబులే, ఆపైన అడగొద్దండి’ అని గట్టిగా చెప్పింది. ఏ నీళ్లు వంటకు, ఏ నీళ్లు కడుక్కోవడానికి, కడిగిన నీళ్లు మళ్లీ దేనికి అని ఆ పిల్ల వేసిన లెక్కతోనే మిగిలిన రోజులు గడిచాయి. నీటికి కటకటలాడే ఊళ్లో పెరిగిన మనిషికి తెలిసినది సముద్రం ఒడ్డున పుట్టిన మా ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ఆమె మాట్లాడినది నూటికి నూరుపాళ్లు మీ సీమ మాటే. మీ నాయన సముద్రాన్ని చూసి అన్న మాట చదవగానే నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది.

ఇక అకౌంటెన్సీ. ఇది నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 2021–22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లిషు మాధ్యమంలోకి మారిన తర్వాత, నీ పరిస్థితిలో ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు, కాకపోతే నీలాగే వాళ్లూ మౌనంగా కూర్చుంటున్నారు. నీకు రానిది లెక్క కాదు, లెక్క పేరు మాత్రమే. పదివేల రూపాయల యంత్రం మీద నూటికి పది చొప్పున తగ్గుతున్న నిల్వల పద్ధతిలో తరుగుదల వేయమంటే నువ్వు మొదటి ఏడు 1,000, రెండో ఏడు 900, మూడో ఏడు 810 అని కళ్లు మూసుకుని రాయగలవు. ఆ పద్ధతినే ‘డిమినిషింగ్ బ్యాలెన్స్ మెథడ్’ అన్నారు. స్థిర వాయిదాల పద్ధతిని ‘స్ట్రెయిట్ లైన్ మెథడ్’ అంటారు. నీకు తెలిసిన చిట్టా వాళ్ల జర్నల్, ఆవర్జా లెడ్జర్, అంకణా ట్రయల్ బ్యాలెన్స్, ఆస్తి అప్పుల పట్టీ బ్యాలెన్స్ షీట్. వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్ అని నువ్వు బట్టీ పట్టిన సూత్రం ఏ భాషలోనూ మారదు.

ఒక పొడవైన నోటుపుస్తకం కొని, ప్రతి పుటనూ నిలువుగా రెండు భాగాలు చేసుకో. ఎడమవైపు ఇంటర్‌లో నేర్చుకున్న తెలుగు పదం, కుడివైపు ఇక్కడి పుస్తకంలో ఉన్న ఇంగ్లిషు పదం రాసి, రెండింటి కిందా ఒకే లెక్కను ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లిషులో చేయి. మొదటి సెమిస్టర్ అకౌంటెన్సీకి అవసరమయ్యే మాటలు నూటయాభైకి మించవు. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు నీ దగ్గర ఉంటే ఇంటి నుంచి తెప్పించుకో, లేకపోతే ద్వారకానగర్‌లో ఉన్న పౌర గ్రంథాలయానికి వెళ్లి అడుగు. హాస్టల్ గదిలో కుదరని ఏకాగ్రత అక్కడి చదువుగదిలో కుదురుతుంది. నీలాగే చదువుకోవడానికి దూరం నుంచి వచ్చినవాళ్లు అక్కడ చాలామంది కనిపిస్తారు. ఇంకొక పని కూడా నువ్వు తప్పకుండా చేయాలి. మీ అకౌంటెన్సీ అధ్యాపకుల దగ్గరికి ఆ జవాబుపత్రం పట్టుకుని వెళ్లి, ‘ఈ లెక్క నాకు వచ్చు, పేరు అర్థం కాక వదిలేశాను’ అని చెప్పు. ఆ మాట వింటే మీ తరగతిలో మరో పదిమందికి కూడా ఇదే ఇబ్బంది ఉండవచ్చని ఆయనకు తెలుస్తుంది. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఏ విద్యార్థీ వచ్చి నాతో ఆ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నా బోధన వేరుగా ఉండేది.

టీసీ సంగతి. విద్యాసంవత్సరం మధ్యలో దాని జోలికి వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం. ఇక్కడి నుంచి అనంతపురం వెళ్లడమంటే కళాశాల ఒక్కటే మారడం కాదు, విశ్వవిద్యాలయమే మారుతుంది. టీసీతోపాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి, ఇక్కడ చదివిన సబ్జెక్టులు అక్కడి వాటితో సరిపోవాలి, చేర్చుకునే కళాశాలలో ఖాళీ ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నట్లయితే అది ఏమవుతుందో రెండు కళాశాలల కార్యాలయాల్లోనూ ముందే అడిగి తెలుసుకోవాలి. కాబట్టి రెండో సెమిస్టర్ కూడా ఇక్కడే రాయి. వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు, అప్పటికీ నీకు అక్కడే చదవాలనిపిస్తే, నిశ్చింతగా మారిపో. అది పిరికితనం కానే కాదు. సొంత జిల్లాలో, సొంతవాళ్ల మధ్య చదువుకోవడం తప్పని ఎవరైనా అంటే నమ్మవద్దు. నేను వద్దంటున్నది ఈ డిసెంబరులో, ఆ 8 మార్కులు చేతిలో పెట్టుకుని, ఆ నవ్వులు చెవిలో ఉండగా తీసుకునే నిర్ణయాన్ని మాత్రమే.

నాయనకు చెప్పాలి. తర్వాతి పరీక్షలో తెచ్చుకున్నాక చెబుదామనుకోవద్దు, ఎందుకంటే అప్పటిదాకా ప్రతి ఫోన్‌లోనూ ‘బాగుంది’ అన్న అబద్ధాన్ని కొనసాగించాలి, దాని బరువు నువ్వు ఇప్పటికే మోస్తున్నావు. వాన వచ్చిందీ రానిదీ, పంట చేతికందిందీ అందనిదీ ఏటా చూస్తూ మళ్లీ విత్తనం వేసే మనిషి ఆయన. ఒక పరీక్షలో మార్కులు తగ్గాయన్న సంగతి ఆయన తట్టుకోలేడని నువ్వు ఎందుకు అనుకుంటున్నావు? మీ మాటలోనే, ‘నాయనా, ఒక పరీక్షలో తక్కువొచ్చినాయి, ఇంగ్లిషు అర్థంగాలేదు, నేర్చుకుంటాండా’ అని చెప్పు. తరగతిలో నవ్విన సంగతి కూడా చెప్పు. ఆయన కోప్పడతాడేమో, రైలెక్కి వచ్చేస్తానంటాడేమో, రానీ. అంతకన్నా కష్టమైన సంగతి ఒకటి ఉంది: ఏ కష్టమూ లేదని కూతురు చెబుతున్నా, ఆమె గొంతు మారిపోయిందని తల్లిదండ్రులు దూరం నుంచి కనిపెట్టడం. మీ అమ్మ ఇప్పటికే కనిపెట్టింది.

ఒక రాత్రి అన్నం మానేశానని రాశావు. ఒక రాత్రే అయితే నేను భయపడను. నిద్ర పట్టకపోవడం, తిండి మీద మనసు పోకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలకు పైగా ఉంటే మాత్రం 14416కు ఫోన్ చేయి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు.

బీచ్ గురించి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే సముద్రం ఎరగని ప్రాంతం నుంచి వచ్చిన పిల్లలే ఇక్కడ ఎక్కువగా ప్రమాదంలో పడుతుంటారు. ఆర్కే బీచ్‌లో నీళ్లు పైకి ప్రశాంతంగా కనిపించినా, ఒడ్డుకు వచ్చిన నీరు కొన్ని చోట్ల ఒక్క పాయగా కూడి లోపలికి బలంగా లాగుతుంది. వెనక్కి మళ్లే అల కాళ్ల కింది ఇసుకను కూడా తీసుకుపోతుంది. పాదాలు తడవడానికి మించి లోపలికి దిగకు. ఒంటరిగా, చీకటి పడ్డాక అసలు దిగవద్దు. స్నేహితులు పిలిచినా సరే.

చివరగా, మీ నాయన మళ్లీ వచ్చినప్పుడు ఆయన్ను ఒక్క రోజైనా ఉండమని చెప్పి, 900కె బస్సులో భీమిలి తీసుకెళ్లు. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం, దారి పొడవునా మత్స్యకారుల ఊళ్లు. బొర్రా గుహల దిక్కు నుంచి వచ్చే గోస్తనీ నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఎక్కడెక్కడ మళ్లను తడిపి అక్కడికి చేరుతుందో ఆయన నిన్ను తప్పకుండా అడుగుతాడు. వెళ్లే ముందే తెలుసుకుని పెట్టుకో. తిరిగి వచ్చేటప్పుడు వీధి చివర ఆగి, మీ పిన్నమ్మను ఆయనకు పరిచయం చేయి.

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయి విశాఖలో ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు నోరు మూయనివాడు ఇప్పుడు ఫోన్ చేస్తే ‘ఊఁ’ అనడం తప్ప ఏమీ చెప్పడం లేదు. చెడు సావాసాల్లో పడ్డాడేమోనని భయంగా ఉంది. చెప్పకుండా వెళ్లి చూసి రావాలనుకుంటున్నాను.

– ఒక తల్లి, పాలకొండ

జవాబు:

అమ్మా, పై ఉత్తరం రాసిన అమ్మాయి ఇంట్లో ఏమీ చెప్పకపోవడానికి కారణం చెడు సావాసం కాదని మీరు చదివే ఉంటారు. మీ అబ్బాయి విషయంలో కారణం ఏమిటో నాకు తెలియదు, మీకూ ఇంకా తెలియదు. అందుకే అనుమానంతో మొదలుపెట్టవద్దు. ‘బాగా చదువుతున్నావా’ అని అడిగితే ఎవరైనా ‘ఊఁ’ అనే అంటారు. ఈ రోజు మెస్సులో ఏ కూర వండారు, పక్క మంచం అబ్బాయిది ఏ ఊరు, బట్టలు ఎవరు ఉతుకుతున్నారు, ఏ బస్సులో కళాశాలకు వెళ్తున్నాడు అని అడగండి. అంతకన్నా ముందు మీ ఊరి సంగతి ఏదైనా చెప్పండి. చిన్నచిన్న సంగతుల మీద మాట సాగితే పెద్దది దానంతట అదే బయటికి వస్తుంది.

వెళ్లి చూడాలన్న ఆలోచన మంచిదే, కాని చెప్పకుండా వెళ్లవద్దు. తల్లి తనను పట్టుకోవడానికి వచ్చిందని ఒక్కసారి అనిపిస్తే, ఆ ‘ఊఁ’ కూడా మిగలదు. వచ్చే ఆదివారం వస్తున్నానని చెప్పి, వాడికి ఇష్టమైనది వండుకుని, గదిలో ఉన్న మిగతా పిల్లలకు కూడా సరిపడేలా తీసుకెళ్లండి. వాళ్లందరినీ కూర్చోబెట్టి మీ చేత్తో వడ్డించండి. మీ అబ్బాయి చెప్పనిది, అన్నం తింటూ మిగతా పిల్లలు చెబుతారు.